ఇంటి కుంటలో చేపలు ఎక్కువయ్యాయా? చెరువులో మాత్రం వదలకండి

కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు ముచ్చటపడి ఇంటి ముందు చిన్న కుంట కట్టించుకుంటారు. రాళ్లు పేర్చి, పైనుంచి నీళ్లు జారడానికి ఒక మోటారు పెట్టి, రెండు తామర దుంపలు, కవర్లో డజను గోల్డ్‌ఫిష్‌లు, నాలుగు కోయి చేపలు, "పాచంతా ఇదే తినేస్తుంది సార్" అని షాపులో చేతిలో పెట్టిన ఒక సక్కర్. రెండు మూడేళ్లు గడిచేసరికి వేలంత ఉన్న కోయి మోచేయంత అవుతుంది, గప్పీలూ మోలీలూ లాంటి చిన్న చేపలు లెక్కకి అందవు, నీళ్లు ఎప్పుడు చూసినా పచ్చగానే ఉంటాయి. లేదంటే ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాదో బెంగళూరో పోవాల్సి వస్తుంది, లేదంటే చంటిది నడక నేర్చింది, ముందు ఆ కుంట పూడ్చండి అని ఇంట్లో గొడవ. అప్పుడు చుట్టుపక్కల అందరి నోటా ఒకటే సలహా: "దానికేముందబ్బా, తీసుకుపోయి చెరువులో వదిలెయ్, హాయిగా బతుకుతాయి."

బతకవు. బతికితే ఇంకా ఇబ్బంది. ముందు ఈ సంగతి కాస్త చెప్పి తర్వాత అసలు పనిలోకి వస్తాను, ఎందుకంటే ఇది మనసుకి ఎక్కకపోతే కింద చెప్పేవన్నీ చేసే ఓపిక ఎవరికీ ఉండదు.

ఎర్రగా మెరిసే గోల్డ్‌ఫిష్ చెరువులో కొంగకీ నీటికాకికీ అంత దూరం నుంచే కనబడుతుంది. దానికి దాక్కోవడం తెలీదు, గట్టు మీద నీడ పడితే మేత వస్తోందనుకుని పైకొస్తుంది. ఎక్కువ శాతం కథ అక్కడితో సరి. బతికి బట్టకట్టినవి ఏం చేస్తాయంటే, గోల్డ్‌ఫిష్, కోయి రెండూ కార్ప్ జాతివే కాబట్టి అడుగు బురద తవ్వుకుంటూ తింటాయి, నీళ్లు ఎప్పుడూ కలకబారి ఉంటాయి, వేరే చేపల గుడ్లు కూడా వాటికి మేతే. సక్కర్ సంగతి చెప్పనే అక్కర్లేదు, దక్షిణ అమెరికా నుంచి అక్వేరియాల కోసం వచ్చిన చేప ఇవాళ మన రాష్ట్రంలో చెరువుల్లో, కాలువల్లో పడి ఉంది. గట్టుకి బొరియలు పెడుతుంది, వలలో పడితే దాని ముళ్లకి వల చిరుగుతుంది, సంతలో పైసా పలకదు. దీన్నే దెయ్యం చేప అంటారు, ఆ పేరెత్తితే చెరువు మీద బతికేవాళ్లకి ఎంత మంటో ఒకసారి అడిగి చూడండి. మోలీలయితే ఉప్పు కలిసిన నీళ్లలో కూడా బతికేస్తాయి, అంటే బకింగ్‌హాం కాలువలో వేసినా, పులికాట్ వైపు వేసినా పోతాయిలే అనుకోడానికి లేదు.

ఇంకో సంగతి. నెల్లూరు స్వర్ణాల చెరువైనా, కనిగిరి రిజర్వాయరైనా, గుండ్లకమ్మైనా, అంతెందుకు, విజయనగర కాలం నాటి కంభం చెరువైనా, అవి ఖాళీగా పడున్న నీళ్లు కావు. చాలా చెరువుల్లో మత్స్యకార సంఘాలు బొచ్చె, రోహు పిల్లలు వదిలి, పెంచి, పట్టుకుని బతుకుతుంటాయి. మీ కుంటలో చేపల ఒంటి మీద ఆర్గులస్, అదే మన ఆక్వా రైతులు పేను అంటారే, అది రెండు ఉంటే చాలు, అది బొచ్చె, రోహు లాంటి కార్ప్ చేపలన్నిటికీ పాకుతుంది. మీ చేప ఆరోగ్యంగానే కనబడుతూ ఉండొచ్చు, రోగం మోస్తూ కూడా ఉండొచ్చు. గుడి కోనేరు కూడా ఇందులోకే వస్తుంది. పుణ్యం అనుకుని వదులుతారు, వాన గట్టిగా పడితే ఆ నీళ్లు పోయేదీ కాలువలోకే.

దోమల్ని తింటాయి కదా అంటారు. గంబూసియా చేపల్ని ఆ పేరుతోనే దేశమంతా నీళ్లలో వదిలారు, ఇప్పుడు అది ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసే బయటి జాతుల జాబితాల్లో ఉంది. గప్పీల్ని మూత లేని సిమెంటు తొట్లో వేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు, తొట్టి దాటి బయటికి పోనంతవరకే.

సరే, పనిలోకి వద్దాం.

ముందు లెక్క తీయండి. ఏ జాతివి ఎన్ని, ఎంత పొడుగు, ఒంటి మీద పుండ్లు, మచ్చలు ఏమైనా ఉన్నాయా. పొద్దున మేత వేసినప్పుడు ఫోన్‌తో వీడియో తీసుకుని తర్వాత ఆపి ఆపి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. అన్నీ ఇచ్చేయాలా, కొన్ని తగ్గిస్తే సరిపోతుందా అనేది కూడా అప్పుడే తేల్చుకోండి. చాలామందికి నిజానికి ఇబ్బంది కోయిలతోనే. అది రెండడుగులు పెరిగే చేప, పాతికేళ్లు బతుకుతుంది, ఒక్కో పెద్ద కోయికి వెయ్యి లీటర్లన్నా కావాలి. ఇంటి ముందు కుంట ఎన్ని లీటర్లు పడుతుందో పొడుగు, వెడల్పు, లోతు మీటర్లలో కొలిచి గుణించి వెయ్యితో హెచ్చవేయండి, మీకే అర్థమవుతుంది. కోయిలు వెళ్లిపోతే నాలుగైదు గోల్డ్‌ఫిష్‌లతో అదే కుంట ప్రశాంతంగా ఉంటుంది. గప్పీ, మోలీల్ని తగ్గించాలంటే మాత్రం ఆడవాటిని ఒక్కటి కూడా మిగల్చకూడదు, ఎందుకంటే ఒకసారి మగదానితో కలిసిన ఆడ గప్పీ ఆ తర్వాత నెలల తరబడి పిల్లలు పెడుతూనే ఉంటుంది.

చేపలతో పాటు తాబేళ్లు కూడా ఉంటే వాటి లెక్క వేరు. చెవి దగ్గర ఎర్ర గీత ఉండే చిన్న తాబేలు అమెరికా జాతి, దాన్నీ ఎక్కడా వదలకూడదు. మన నేల తాబేలో, నక్షత్ర తాబేలో ఎవరో ఇస్తే పెంచుతున్నారంటే అది వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికొస్తుంది, ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టి "ఎవరికైనా కావాలా" అని అడగొద్దు, నేరుగా అటవీ శాఖ వాళ్లకి అప్పజెప్పండి. అదే చట్టానికి 2022లో చేసిన సవరణతో, బయటి దేశాల నుంచి వచ్చి ఇక్కడ పాకిపోయే జాతుల అమ్మకాన్నీ పెంపకాన్నీ కట్టడి చేసే అధికారం కూడా కేంద్రానికి వచ్చింది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకమైతే ఎప్పటినుంచో నిషేధమే.

ఇక ఎవరికివ్వాలి?

మొదట కొన్న షాపులోనే అడగండి. డబ్బులు తిరిగిస్తారని ఆశ పెట్టుకోవద్దు, కానీ ఆరోగ్యంగా ఉన్న కోయి అయితే చాలామంది తీసుకుంటారు, బదులుగా మేతో, ఫిల్టరు స్పాంజో ఇస్తే అదే లాభం. తర్వాత వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపులు. నెల్లూరు, ఒంగోలు, కావలి, గూడూరు, ఎక్కడ చూసినా చేపలు పెంచే పిచ్చి ఉన్న కుర్రాళ్లు ఉంటారు, ఒకళ్లు దొరికితే వాళ్ల ద్వారా పదిమంది తెలుస్తారు. పెద్ద కుంటలున్న హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, హైవే పక్క రిసార్టులు కూడా అడగొచ్చు, కానీ ఓనర్ ఒప్పుకున్నాడని సంబరపడకుండా అక్కడ రోజూ మేత వేసే మనిషితో ఒకసారి మాట్లాడండి, చేపల బతుకు అతని చేతిలోనే ఉంటుంది. స్కూళ్లంటే నాకు కొంచెం అనుమానం, వేసవి సెలవుల్లో ఎవరు చూస్తారో తేలితేనే ఇవ్వండి. ముత్తుకూరులో ఫిషరీ సైన్స్ కాలేజీ ఉంది, జిల్లా మత్స్యశాఖ ఆఫీసు ఉంది. వాళ్లు మీ చేపల్ని తీసుకుంటారని కాదు, కానీ ఇది ఏ జాతి, దీనికి ఈ రోగమేంటి అని అడగడానికి అంతకన్నా మంచి చోటు మన దగ్గర లేదు.

ఆక్వా రైతు స్నేహితుడు ఉంటే "నా చెరువులో వెయ్యన్నా, ఒక మూలన పడుంటాయి" అనొచ్చు. ప్రేమతోనే అంటాడు, మీరు ఒప్పుకోవద్దు. అతని క్రాప్‌కి మీ కుంట రోగాలు అంటితే స్నేహం కూడా పోతుంది, పైగా క్రాప్ అయ్యాక ఆ నీళ్లు వదిలేది డ్రెయిన్‌లోకే.

పోస్ట్ పెట్టేటప్పుడు చేప పక్కన స్కేలో, బిస్కెట్ ప్యాకెట్టో కనబడేలా ఫొటో తీయండి, లేకపోతే "చిన్నదే అనుకున్నా" అని వచ్చి వెనక్కి పోతారు. జాతి, పొడుగు, సంఖ్య, ఎందుకు ఇచ్చేస్తున్నారు, ఏ ఊరు, అంతే. ఒక్కమాట, పూర్తిగా ఉచితం అని రాయకండి. ఉచితం అంటే అరవానా, ఆస్కార్ లాంటి వేట చేపలకి మేతగా వేయడానికి బకెట్ పట్టుకుని వచ్చేవాళ్లు మొదట లైన్లో ఉంటారు. చిన్న ధర పెట్టండి, వచ్చినాయన మంచివాడని తేలితే అప్పుడు డబ్బులు వద్దనండి, ఎవరొద్దన్నారు.

మంచివాడో కాదో తేలేది నాలుగు ప్రశ్నలతో. తొట్టి ఎన్ని లీటర్లు? ఫిల్టరు ఉందా, కరెంటు పోతే ఏం చేస్తారు? అందులో ఇప్పుడు ఏమున్నాయి? నీళ్లు నిండితే ఎటు పోతాయి? చివరి ప్రశ్నకి చాలామంది తెల్లమొహం వేస్తారు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నెల్లూరు ఎట్టా మునిగిందో చూసిన వాళ్లం కదా, ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే వాయుగుండాలకి కుంట నిండి పొర్లితే చేపలు తమంతట తామే వీధి కాలువలోకి వెళ్లిపోతాయి, ఎవరూ వదలక్కర్లేదు. పొర్లే చోట సన్నటి జాలీ బిగించమని చెప్పండి, మీరు కొన్ని చేపలు ఉంచుకుంటుంటే మీ కుంటకీ బిగించండి. తొట్టి వీడియో పంపమంటే మొహమాటపడేవాళ్లకి ఇవ్వొద్దు, నిజంగా పెంచేవాడు అడగకముందే పంపిస్తాడు.

ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ లాంటివి ఉంటే ఓపిక పట్టాలి. రెడ్‌టెయిల్ మీటరు దాటి పెరుగుతుంది, దాన్ని పెట్టుకోగల మనిషి జిల్లాకి ఒకరిద్దరు ఉంటే ఎక్కువ. పిరానా అని చెప్పి అమ్మిన చేప చాలాసార్లు పాకూ అయి ఉంటుంది, అంటే చేపల మార్కెట్లో కిలోల్లెక్కన దొరికే రూప్‌చందే, దానికోసం మీరు అంత డబ్బు పోసినందుకు నవ్వాలో ఏడవాలో మీ ఇష్టం.

మనిషి దొరికాక తొందరపడి అదే రోజు ఇచ్చేయకండి. వీలుంటే రెండు మూడు వారాలు విడిగా ఒక సింటెక్స్ ట్యాంకులోనో పెద్ద టబ్బులోనో గాలి పెట్టి ఉంచి చూడండి. లీటరుకి మూడు గ్రాముల చొప్పున కళ్లుప్పు, అంటే వెయ్యి లీటర్లకి మూడు కిలోలు, ఒక్కసారిగా కాకుండా రెండు మూడు రోజుల మీద కలపండి. సక్కర్‌కీ, మీసాల చేపలకీ ఉప్పు అంతగా పడదు, వాటిని ఇందులో వేయొద్దు, మొక్కలూ వద్దు. ఒంటిమీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు, గోడకి ఒళ్లు రుద్దుకోవడం, పట్టి చూస్తే పప్పుబద్దంత పలచటి పేను కదలడం, ఇవి కనబడితే వైద్యం అయ్యేదాకా ఆగాలి. తీసుకునేవాళ్లకి కూడా మీ ఇంట్లోలాగే కొన్నాళ్లు విడిగా ఉంచుకోమని చెప్పండి.

పట్టే రోజు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, చేపలు ఎక్కువగా పోయేది ఇక్కడే. ముందు రోజు నుంచే మేత ఆపేయాలి, పెద్ద కోయిలకి రెండు రోజులు. కడుపు నిండా తిన్న చేప కవర్లో పెంట వేసి, ఆ నీళ్లలోనే తనే ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఒంగోలు ఎండల్లో పగలు పట్టే పని పెట్టుకోవద్దు, వేడి నీళ్లలో ఆక్సిజన్ నిలవదు. అయితే తెల్లవారుజామునే పడదామంటే అక్కడో మెలిక ఉంది. పచ్చటి నీళ్లలో రాత్రంతా పాచి కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి సరిగ్గా తెల్లవారే ముందే నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంటుంది. రొయ్యల చెరువుల మీద ఆ టైముకి ఏరేటర్లు ఎందుకు మోగుతుంటాయో మనోళ్లకి వేరే చెప్పాలా. కాబట్టి ముందు రాత్రంతా కుంటలో గాలి మోటారు ఆడించండి, పొద్దు పొడిచాక ఎండ ముదరకముందే పని ముగించండి. జనవరి, ఫిబ్రవరి నెలలయితే ఈ టెన్షనే ఉండదు.

నీళ్లు అడుగు లోతు దాకా తగ్గించుకున్నాక పట్టండి, నిండు కుంటలో వెంటపడి తరిమితే చేపా అలిసిపోతుంది మీరూ జారి పడతారు. చిన్నవాటికి మెత్తటి చేతి వల చాలు. కోయిని మాత్రం వలతో పైకెత్తకూడదు, బరువుకి పొలుసులు ఊడతాయి, ఎగిరి గట్టుకి కొట్టుకుంటుంది. వలని తెరలా అడ్డంపెట్టి నెమ్మదిగా ఒక మూలకి నడిపించి, అక్కడ సగం ముంచి పెట్టిన ప్లాస్టిక్ టబ్బులోకి తనంతట తనే వెళ్లేలా చేసి, నీళ్లతో సహా ఎత్తండి. టబ్బు మీద తడిపిన తువ్వాలు కప్పితే చీకటికి కుదుటపడుతుంది. చేత్తో తాకాల్సి వస్తే తడి చేత్తోనే.

కవర్లు రెండు పొరలు. లోపలి కవరు అడుగు మూలలు రబ్బరు బ్యాండుతో మడిచి కట్టండి, చిన్న చేపలు ఆ మూలలో ఇరుక్కుని చస్తాయి. మూడో వంతు నీళ్లు, మిగతా రెండు వంతులు ఆక్సిజన్. నోటితో ఊది కట్టడం వల్ల ఉపయోగం లేదు, అది మీరు వదిలేసిన గాలే. అక్వేరియం షాపులో సిలిండర్ ఉంటుంది, మన కోస్తా మీద హేచరీల్లో రొయ్య పిల్లని ప్యాక్ చేసేదీ ఇట్టాగే కాబట్టి తెలిసినవాళ్లుంటే వాళ్లూ నింపిపెడతారు. పెద్ద కోయి ఒక్కో కవరుకి ఒకటే. సక్కర్‌ని కవర్లో వేయకండి, ముల్లు గుచ్చుకుని దారిలో కారంతా నీళ్లవుతుంది, మూత ఉన్న బకెట్ చాలు దానికి. కవర్లని థర్మోకోల్ పెట్టెలో పడుకోబెట్టి మూత పెట్టండి, నెల్లూరు నుంచి ఒంగోలు అయితే రెండు గంటల పైచిలుకు ప్రయాణం కాబట్టి ఏసీ కారులో ఇబ్బంది ఉండదు, రోహిణి కార్తెలో తప్పదంటే కాగితం చుట్టిన ఐస్ బాటిల్ ఒకటి కవర్ల పక్కన పెట్టండి, లోపల కాదు. పార్సిల్ వేసి పంపొద్దు, మనిషి వెంట ఉండాల్సిందే.

అక్కడికి చేరాక కవరు విప్పకుండా ఓ పావుగంట, ఇరవై నిమిషాలు కొత్త నీళ్ల మీద తేలనివ్వండి, వేడి సమానం అవుతుంది. ఊళ్లోనే ఇచ్చినదైతే విప్పి కొంచెం కొంచెంగా కొత్త నీళ్లు కలపొచ్చు. చాలా గంటలు కవర్లో ఉన్నవైతే ఆ పని వద్దు. మూతి విప్పగానే లోపలి బొగ్గుపులుసు వాయువు పోయి, నీళ్లలో పేరుకున్న అమ్మోనియా ఒక్కసారిగా విషంగా మారుతుంది. అప్పుడు నీళ్లు కలుపుతూ కూర్చోకుండా చేపని మాత్రం తీసి కొత్త తొట్లో వేయాలి, కవరు నీళ్లు మొక్కలకి. కొత్త తొట్టిలో మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒకరోజు ముందే పట్టి గాలి ఆడించమనో, హైపో (సోడియం థయోసల్ఫేట్) వేయమనో చెప్పండి, బోరు నీళ్లయినా గాలి ఆడించాకే. మొదటి రోజు మేత వేయొద్దు.

అన్నీ చేసినా కొన్ని మిగులుతాయి. ఎవరూ తీసుకోని ముసలి సక్కర్, నయంకాని పుండు ఉన్న గోల్డ్‌ఫిష్, వందల్లో మోలీలు. ఈ మాట చాలామందికి నచ్చదు కానీ చెరువులో వదలడం కన్నా నొప్పి లేకుండా చంపడమే మంచిదని నా అభిప్రాయం. మందుల షాపులో దొరికే లవంగ నూనె చాలు. ఆ కుంట నీళ్లనే బకెట్లో తీసుకుని, లీటరుకి అర మిల్లీలీటరు లెక్కన నూనెని ముందు గోరువెచ్చటి నీళ్లున్న సీసాలో వేసి పాలలా తెల్లబడేదాకా గట్టిగా గిలక్కొట్టి, అప్పుడు బకెట్లో కలపండి. నూనెగా పోస్తే పైన తేలి ఉండిపోతుంది. చేప పక్కకి ఒరిగి, నిద్రపోయినట్టయి, మొప్పలు ఆడటం ఆగుతుంది. ఆగగానే తీయకండి, మళ్లీ లేచే అవకాశం ఉంది, ఇంకో అరగంట అలాగే ఉంచండి. టాయిలెట్లో వేసి ఫ్లష్ కొట్టడం, గట్టు మీద పడేయడం, బతికుండగా ఫ్రిజ్‌లో పెట్టడం, ఇవి మాత్రం చేయొద్దు. కుక్కలు తవ్వనంత లోతు గుంట తీసి నిమ్మచెట్టు దగ్గర పాతిపెట్టండి.

నెల్లూరోళ్లం కదా, "మామిడికాయ వేసి పులుసు పెట్టేస్తే పోలా" అని ఎవరో ఒకరు అననే అంటారు. కోయి కార్ప్ చేపే, తినకూడని జాతేమీ కాదు. కానీ అక్వేరియం చేపలకి వాడే మలకైట్ గ్రీన్ లాంటి మందులు తినే చేపలకి నిషేధం, మీ చేప పుట్టినప్పటినుంచి ఏమేం మందుల్లో మునిగిందో మీకు తెలీదు. పిల్లికీ కోళ్లకీ కూడా వేయొద్దు, లవంగ నూనెలో చనిపోయినవైతే అసలే వద్దు.

చివరగా కుంట ఖాళీ చేయడం. ఆ నీళ్లు వీధి కాలువలోకి తోడేయకండి, అందులో కంటికి కనబడని గుడ్లు, చేప పిల్లలు, నత్తలు ఉంటాయి. పైపు మూతికి గుడ్డ కట్టి కొబ్బరి చెట్ల పాదుల్లోకి వదలండి, చెట్లకి అంతకన్నా మంచి ఎరువు నీళ్లు లేవు (ఉప్పు వేసిన టబ్బు నీళ్లు మాత్రం పాదుల్లోకి పోయొద్దు). పిస్టియా, గుర్రపుడెక్క లాంటి తేలే మొక్కల్ని కూడా కాలువలో విసరొద్దు. చెరువుల్ని కమ్మేసిన గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు పువ్వు అందంగా ఉందని మన దేశానికి తెచ్చుకున్నదే. సిమెంటు నేల మీద పరిచి కరకరలాడేదాకా ఎండబెట్టి ఎరువు గుంటలో వేయండి. వల, స్పాంజి, పైపులు కూడా పూర్తిగా ఎండాకే ఇంకొకళ్లకివ్వండి. ఖాళీ కుంట అలాగే వదిలేస్తే మొదటి వానకే డెంగ్యూ దోమలు చేరతాయి, కాబట్టి అడుగున నాలుగు బెజ్జాలు కొట్టించి, మట్టి నింపి, మల్లెలో కనకాంబరాలో పెట్టేసుకోండి.